భోజనాలు దగ్గర దగ్గరగా పడినప్పుడు ఇన్సులిన్ సూది: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారికి డాక్టరు రాసిచ్చే మోతాదులు సాధారణంగా ఒక భోజనానికీ మరొక భోజనానికీ మధ్య నాలుగైదు గంటల ఎడం ఉంటుందన్న అంచనా మీద ఆధారపడతాయి. పెళ్లింట్లో పది గంటలకు టిఫిను పెట్టి పన్నెండున్నరకే పంక్తిలో కూర్చోబెట్టినప్పుడు గానీ, రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాత తరావీహ్ నమాజు ముగించుకొని వచ్చి రాత్రి భోజనం చేసినప్పుడు గానీ ఆ అంచనా తప్పుతుంది. అటువంటి రోజుల్లో ఎదురయ్యే ఇబ్బందులను, వాటి కారణాలను, చేయగలిగిన సర్దుబాట్లను ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. ఇందులోని అంకెలు విషయం బోధపడటానికే. మీ మోతాదులు మీ డాక్టరు నిర్ణయించినవే అయి ఉండాలి.

ముందుగా మీరు వాడే ఇన్సులిన్ ఏ రకమో సీసా మీద గానీ పెన్ను మీద గానీ చూసుకోండి. లిస్ప్రో, అస్పార్ట్, గ్లులిసిన్ అనేవి త్వరగా పనిచేసే రకాలు. ఇవి పది ఇరవై నిమిషాల్లో మొదలై, ఒకటి రెండు గంటల్లో ఉధృతమై, మూడు నుంచి ఐదు గంటల్లో ముగుస్తాయి. పాతకాలపు రెగ్యులర్ ఇన్సులిన్ అరగంటకు మొదలవుతుంది, రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఉధృతంగా ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది గంటల వరకు ఒంట్లో నిలుస్తుంది. 30/70 వంటి మిశ్రమ ఇన్సులిన్‌లో త్వరగా పనిచేసే భాగంతో పాటు గంటల తరబడి పనిచేసే భాగం కూడా కలిసి ఉంటుంది. ఒకే సమస్యకు ఈ మూడింటిలో పరిష్కారం మూడు విధాలుగా ఉంటుంది కాబట్టి, పక్కింటివారి సలహా ఎంత మంచిదైనా వారి ఇన్సులిన్ మీది కాకపోతే అది మీకు పనికిరాదు.

సమస్య: రెండో భోజనం తర్వాత రెండు మూడు గంటలకు చెమటలు, వణుకు, గుండెదడ, మీటరులో 70 కంటే తక్కువ

కారణం చాలాసార్లు రెండో భోజనపు సూది కాదు, ఆ సూదికి చేర్చిన అదనపు యూనిట్లు. భోజనపు మోతాదులో రెండు భాగాలుంటాయి: తినబోయే తిండికి సరిపడేది ఒకటి, అప్పటికే పెరిగి ఉన్న షుగరును దించడానికి చేర్చే కరెక్షన్ డోసు మరొకటి. మొదటి భోజనం చేసి రెండున్నర గంటలే అయినప్పుడు మీటరులో 210 కనబడటం వింత కాదు. ఆ తిండి ఇంకా అరుగుతూనే ఉంది, మొదటి సూది కూడా ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ అంకెను చూసి కంగారుపడి దానికోసం మళ్లీ ఇన్సులిన్ చేరిస్తే, ఒకే పనికి రెండుసార్లు మందు వేసినట్లవుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒకరు పది గంటలకు టిఫినుతో లిస్ప్రో 8 యూనిట్లు తీసుకున్నారనుకోండి. అది నాలుగు గంటల్లో సమానంగా తగ్గుతుందని స్థూలంగా అనుకుంటే, పన్నెండున్నరకు ఇంకా 3 యూనిట్లు ఒంట్లో మిగిలి ఉంటాయి. ఆయనకు ఒక యూనిట్ 50 మేరకు షుగరును దించుతుందని, 110కి దించడం లక్ష్యమని డాక్టరు చెప్పి ఉంటే, 210 నుంచి 110కి రావడానికి 2 యూనిట్లు కావాలి. మిగిలి ఉన్నవే 3 యూనిట్లు కనుక కరెక్షన్ డోసు అవసరం లేదు. భోజనంలోని అన్నానికీ ఇతర పిండిపదార్థాలకూ సరిపడే మోతాదు మాత్రం తీసుకోవాలి. ఇన్సులిన్ పంపులు ఈ తీసివేతను తామే చేస్తాయి, పెన్ను వాడేవారు కాగితం మీద చేసుకోవాలి. లెక్కలు కుదరనివారికి తేలిక నియమం ఒకటుంది: త్వరగా పనిచేసే ఇన్సులిన్ తీసుకున్న నాలుగు గంటల లోపు కరెక్షన్ డోసు వేసుకోకుండా ఉండటం. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఇన్సులిన్ ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి, వారికి ఎంత వ్యవధి కావాలో డాక్టరునే అడగాలి.

సమస్య: రెండో సూది మానేస్తే సాయంత్రానికి 300

లో షుగర్ ఒకసారి అనుభవించినవారు తరచుగా ఈ రెండో పొరపాటు చేస్తారు. “ఇందాకే వేసుకున్నాను కదా” అని రెండో భోజనానికి సూది పూర్తిగా మానేయడం సరికాదు, ఎందుకంటే మొదటి సూది మొదటి భోజనం కోసం లెక్కవేసింది. ఒక కప్పు వండిన అన్నంలో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. విందులో అటువంటివి రెండు మూడు కప్పులు తిని దానికి ఇన్సులిన్ లేకుండా ఉండటం కుదరదు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ వాడేవారు కరెక్షన్ ఆపవచ్చు గానీ తిండి మోతాదు ఆపకూడదు. రోజుకోసారి తీసుకునే దీర్ఘకాల ఇన్సులిన్‌ను కూడా ఈ కారణంగా మానకూడదు.

సమస్య: రెగ్యులర్ ఇన్సులిన్‌తో సాయంత్రం నాలుగైదు గంటలకు షుగర్ పడిపోవడం

ఇక్కడ పైన చెప్పిన తేలిక నియమం సరిపోదు. పది గంటల సూది ఉధృతి పన్నెండు నుంచి రెండు వరకు సాగుతుంది, పన్నెండు గంటల సూది ఉధృతి రెండు నుంచి నాలుగు వరకు వస్తుంది, రెండింటి తోకలూ సాయంత్రం కలుస్తాయి. అందుచేత రెండో మోతాదును ఎంత తగ్గించాలన్నది ముందుగానే డాక్టరుతో మాట్లాడి రాయించుకోవాలి. నా ఉద్దేశంలో అయితే సూదిని సర్దడం కంటే ఆకులో వడ్డించుకునేదాన్ని సర్దుకోవడం తేలిక: విందు ఉందని తెలిసినప్పుడు టిఫినుకు ఇడ్లీ, ఉప్మాల బదులు ఉడికించిన గుడ్లు, పల్లీలు, పలచని మజ్జిగ వంటివి తీసుకుంటే, ఆ పూట సూది మోతాదును తగ్గించడమో మానడమో డాక్టరు అనుమతించే అవకాశం ఉంటుంది.

మిశ్రమ ఇన్సులిన్ వాడేవారు అదనపు భోజనం కోసం అదనపు సూది వేసుకోనే కూడదు. దానిలోని దీర్ఘభాగం రాత్రి వరకు పనిచేసి నిద్రలో షుగరును పడేస్తుంది. వారికి రెండో భోజనాన్ని ఆలస్యంగా చేయడం లేదా బాగా తగ్గించడమే దారి. నెలంతా ఇలాగే ఉండే రంజాన్ వంటి సందర్భానికి కనీసం కొన్ని వారాల ముందే మందుల మార్పు గురించి అడగడం మంచిది.

సమస్య: భోజనానికి కూర్చోకముందే లేదా తింటుండగానే కళ్లు తిరగడం

సూది వేసుకున్నాక వడ్డన ఆలస్యమైంది. మన పెళ్లిళ్లలో “ఇదిగో ఆకులు వేస్తున్నారు” అన్న మాటకూ అన్నం ఆకులోకి రావడానికీ మధ్య గంట పట్టవచ్చు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ వాడేవారు అన్నం ఎదుటికి వచ్చాకనే వేసుకోవాలి. ఎంత తింటారో తెలియని పూట, డాక్టరు అనుమతిస్తే, తిన్న వెంటనే కూడా వేసుకోవచ్చు. రెగ్యులర్ ఇన్సులిన్‌కు అరగంట ముందు వేసుకోవడం తప్పదు కాబట్టి, వడ్డన సమయం గురించి వంటవారిని అడగడం మొహమాటం కాకూడదు.

సమస్య: తిన్న రెండు గంటలకు బాగానే ఉండి, నాలుగైదు గంటలకు పెరగడం

బిర్యానీ, గారెలు, నేతి స్వీట్లలోని కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. త్వరగా పనిచేసే ఇన్సులిన్ ముందే తన పని ముగిస్తుంది, తిండి వెనుక వస్తుంది. ఇటువంటప్పుడు మొదట షుగర్ పడి తర్వాత పెరగడం కూడా జరుగుతుంది. మోతాదును రెండుగా విడదీసి వేసుకోవడం ఒక పద్ధతి, కానీ అది శిక్షణ పొందినవారు చేయవలసిన పని. అందరూ చేయగలిగింది నాలుగు గంటల తర్వాత మరొకసారి పరీక్షించుకోవడం.

షుగర్ పడినప్పుడు

మీటరు 70 కంటే తక్కువ చూపితే ముందు 15 గ్రాముల గ్లూకోజు గానీ మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు గానీ తీసుకొని, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. పెరగకపోతే అంతే మళ్లీ తీసుకోవాలి. చాక్లెట్, నేతి మిఠాయి ఆ సమయంలో పనికిరావు, వాటిలోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్ర కూడా వేసుకునేవారిలో షుగర్ ఒకసారి లేచి మళ్లీ పడవచ్చు కనుక, కోలుకున్నాక కూడా గంటల తరబడి గమనించాలి.

సమయం, మోతాదు సరిగ్గా ఉన్నా అంకెలు కుదరకపోతే

కడుపు మీద సూది వేసే చోట వేలితో తడిమి చూడండి. ఒకే చోట పదేపదే వేయడం వల్ల గడ్డకట్టిన భాగంలోంచి ఇన్సులిన్ ఒక రోజు నెమ్మదిగా, మరో రోజు గబగబా రక్తంలోకి చేరుతుంది. కొత్త చోటికి మారినప్పుడు పాత మోతాదే ఎక్కువ కావచ్చు. సిరంజి వాడేవారు సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉందో 100 అని ఉందో చూసి, అదే అంకె ఉన్న సిరంజినే వాడాలి. 100 సీసాలోని మందును 40 సిరంజితో తీస్తే, 10 అనుకున్నచోట 25 యూనిట్లు ఒంట్లోకి వెళ్తాయి.