ఎండబెట్టిన టమాటాలకు సీసాలో బూజు: నాకు పనిచేసిన పద్ధతి

ఈ వేసవంతా పెరట్లో టమాటాలు విరగకాశాయి. ముక్కలు పైకి బాగా ఎండినట్టే ఉండేవి, సీసాలో పెట్టిన కొద్దిరోజులకే గాజు లోపల చెమ్మ, ఆ తర్వాత తెల్లటి బూజు. ఉప్పు ఎక్కువ చల్లడం, సీసాలు మార్చడం, వేడి పెంచడం, ఏదీ పనిచేయలేదు.

వేడి మరీ ఎక్కువైతే పైపొర ముందే గట్టిపడి లోపలి తడిని బయటికి రానివ్వదు. అందుకే ముక్కలన్నీ ఒకే మందంలో, అర సెంటీమీటరుకు కాస్త అటూఇటూగా కోసి, గింజల గుజ్జు తీసేసి, ఎండబెట్టే మెషిన్, అంటే డీహైడ్రేటర్‌ని 60 డిగ్రీల దగ్గరే ఉంచాను. టైం చూసి తీయలేదు, ఒక ముక్కని పూర్తిగా చల్లారనిచ్చి మధ్యకి తుంచి చూశాను. వేడి మీద ఎలాగూ మెత్తగానే ఉంటుంది కాబట్టి అప్పుడు చూసి లాభం లేదు. తుంచినచోట వేలికి తడి తగలకూడదు.

అసలు సమస్య తీర్చింది మాత్రం దీని తర్వాతి పని. చల్లారిన ముక్కలను సీసాలో మూడింట రెండు వంతులే నింపి, మూత బిగించి, వారం పదిరోజుల పాటు రోజూ ఒకసారి బాగా కుదపాలి. కొన్ని ముక్కల్లో మిగిలిన తేమ అన్నిటికీ సమంగా సర్దుకుంటుంది. గాజుకు చెమ్మ పడితే మొత్తం మళ్లీ డీహైడ్రేటర్‌లోకే. బూజు కనిపిస్తే మాత్రం సీసాలో ఉన్నదంతా పారేయండి, పైపైన తీసేసి వాడొద్దు ప్లీజ్.

గాలిలో తేమ బాగా ఎక్కువుండే చోట ఇంతే బాగా పనిచేస్తుందా అంటే గట్టిగా చెప్పలేను. నూనెలో నిల్వచేసేవాళ్లకైతే ఇది సరిపోదు, దాని జాగ్రత్తలు వేరు.