మన ఇల్లు మనమే కట్టుకుందాం – మూడో పాఠం: ఆఖరి ఇల్లు ముందు గీయాలి

పోయిన పాఠంలో స్థలంలో గుంట తవ్వి మట్టి చూడమన్నాను. పెద్ద వాన పడినప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వరకు నిలుస్తాయో పక్కవాళ్లను అడిగి, ఆ ఎత్తున ఒక గీత పెట్టుకోమన్నాను. ఆ రెండూ అయ్యాకే ఇది మొదలుపెట్టండి. ఆ గీతతో ఇవాళ పని ఉంది.

ఈసారి పార, తట్ట ముట్టుకోం. గళ్ల కాగితం, పెన్సిలు, టేపు, చాక్‌పీసు, లోపల నీళ్లు కనబడే సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంటే చాలు. చూడటానికి చిన్న పనిలా ఉంటుంది కానీ, ఇంటి పని మొత్తంలో దీన్ని మించిన పని లేదని నా నమ్మకం.

మనలాంటివాళ్ల ఇల్లు ఒక్క విడతలో పూర్తి కాదు. చేతిలో నాలుగు డబ్బులు పడితే ఒక గది, మళ్లీ పడితే ఇంకో గది, పిల్లలు ఎదిగేసరికి పైన ఒక వాటా. పదేళ్లు పట్టొచ్చు, పదిహేనేళ్లూ పట్టొచ్చు. అందులో తప్పేమీ లేదు, ఎన్నో నగరాల్లో పేటలకు పేటలు ఇలాగే లేచాయి. మొదటి గది కట్టేటప్పుడు ఆ ఒక్క గదే కళ్ల ముందు ఉండటంతో వస్తుంది చిక్కంతా.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా నాన్న మొదటి గది కట్టినప్పుడు మెట్ల సంగతి ఎవరికీ తట్టలేదు. ఎనిమిదేళ్ల తరువాత పైన గది వేద్దామనుకుంటే మెట్లకు చోటు లేదు. ఉన్న ఒక్క చోట బాత్రూం ఉంది. దాన్ని పగలగొట్టి వెనక్కి జరిపాం, పైపు లైను వంటగట్టు కింద నుంచి తిప్పాం. పైగది గోడలకని దాచిన డబ్బులో చాలా భాగం ఆ పగలగొట్టడానికే పోయింది. ఆ నాలుగు నెలలూ అమ్మ పక్కింటి బాత్రూం వాడుకుంది. తెల్లారకముందే లేచి, వాళ్లు నిద్రలేచే లోపల వెళ్లి వచ్చేది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదని ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు దేనికి ఖర్చు పెట్టాలి

ఇంటి పనుల్లో తరువాత మార్చుకోగలిగేవి కొన్ని, మార్చలేనివి కొన్ని. ప్లాస్టరింగ్, రంగులు, టైల్స్, మంచి తలుపు, అల్మారాలు ఎప్పుడైనా చేసుకోవచ్చు. పూత లేని ఇటుక గోడల మధ్య ఏళ్ల తరబడి ఉండొచ్చు. పునాది, గోడల వరుస, మెట్ల చోటు, మురుగు పైపు వాలు, ఇంటి నేల ఎత్తు అలా కాదు. ఇవి ఒకసారి పడితే పడ్డట్టే. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అది ముందు వీటికే పోవాలి. బంధువులు వచ్చి "గోడలకు పూత కూడా వేయించలేదేం?" అంటారు. అననివ్వండి.

ఈ లెక్కతోనే ఒక కాలనీ మొత్తం కట్టారు. చిలీ దేశంలో ఇకీకే అనే నగరంలో 2004లో పూర్తయిన కింతా మొన్రోయ్ అది. అదే స్థలంలో ఏళ్లుగా గుడిసెలు వేసుకుని ఉన్న సుమారు వంద కుటుంబాలను ఊరవతలికి పంపకుండా అక్కడే ఉంచాలి. ప్రభుత్వ సాయం ఇంటికి 7,500 డాలర్లు. స్థలం, పైపులు, కట్టుబడి అన్నీ అందులోనే సరిపెట్టాలి. ఆ డబ్బుతో చిన్న ఇల్లు పూర్తిగా కట్టి ఇవ్వడం మాని, అలెహాంద్రో అరవేనా అనే ఆర్కిటెక్టు, ఆయన ఎలిమెంటల్ బృందం పెద్ద ఇంట్లో సగం కట్టారు. ఏ సగం అన్నదే మనం నేర్చుకోవాల్సింది: వంటగది, బాత్రూం, మెట్లు, ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు. అంటే, ఒక కుటుంబం సొంతంగా సరిగ్గా కట్టుకోవడం కష్టమైన సగం. పక్కనే వదిలిన ఖాళీని ఎవరి వీలును బట్టి వాళ్లు గదులుగా నింపుకున్నారు. 2016లో ఆ బృందం తన నాలుగు ఇళ్ల డ్రాయింగులను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా విడుదల చేసింది.

మన దేశంలో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషీ ఇండోర్‌లో గీసిన అరణ్య కాలనీలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. అక్కడ పేదల ప్లాట్లకు మరుగుదొడ్డి, నీళ్ల వసతే మొదటి విడత, గదులు తరువాత. కాబట్టి "ముందు రూం లేపుదాం, బాత్రూం తరువాత చూద్దాం" అని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి.

కాగితం మీద: మెట్లతో మొదలు

ఒక గడి ఒక అడుగు అనుకోండి. లెక్క కోసం 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు ఉన్న స్థలం తీసుకుందాం. వీధి 18 అడుగుల వైపు ఉంది. పదిహేనేళ్ల తరువాత ఉండాల్సిన ఇల్లు గీయాలి: కింద రెండు గదులు, వంట, బాత్రూం, పైన ఇంకో వాటా. అందరూ గదులతో మొదలుపెడతారు. మీరు మెట్లతో మొదలుపెట్టండి.

కింది నేల నుంచి పై నేలకు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. మెట్టు ఎత్తు 7 అంగుళాలుంటే పెద్దవాళ్లు కూడా ఆయాసం లేకుండా ఎక్కుతారు. 120ని 7తో భాగిస్తే దాదాపు 17 మెట్లు వస్తాయి. కాలు పెట్టే వెడల్పు 10 అంగుళాలు. ఆఖరి అడుగు పై నేల మీదే పడుతుంది కాబట్టి కాలు పెట్టే పలకలు 16 చాలు. మొత్తం 160 అంగుళాలు, అంటే 13 అడుగుల 4 అంగుళాలు. కింద ఎక్కేచోట, పైన దిగేచోట మూడేసి అడుగులు ఖాళీ ఉండాలి. కాగితం మీద దాదాపు 20 గళ్ల పొడవు, 3 గళ్ల వెడల్పు పట్టీ అవుతుంది.

మధ్యలో మలుపు తిప్పితే పొడవు పది అడుగులకు తగ్గుతుంది కానీ వెడల్పు ఆరున్నరకు పెరుగుతుంది. 18 అడుగుల్లో ఆరున్నర పోతే గది ఇరుకైపోతుంది. నేనైతే పక్కగోడ వెంట నేరుగా వేస్తాను, వీధి వైపు నుంచి ఎక్కేలా. పైవాటాలో రేపు కొడుకూ కోడలూ ఉన్నా, అద్దెకిచ్చినా, కిందివాళ్ల గదిలోంచి నడవాల్సిన పని ఉండదు. ఆ అద్దె తరువాతి విడత పనికి ఎంత ఆసరాయో ఇల్లు ఇలా పెంచుకున్నవాళ్లకు తెలుసు.

ఈ మెట్లు ఇప్పుడు కట్టం. కానీ ఆ పట్టీలో తొట్టి, తులసికోట, పొయ్యి ఏదీ కట్టకూడదు. మురుగు పైపు ఆ పట్టీ కింద నుంచే వీధికి పోతుంది. చాంబర్లు, అంటే పైపు శుభ్రం చేయడానికి మూతతో కట్టే గుంటలు, మాత్రం మెట్ల కిందికి రాకుండా ఒకటి వెనక ఖాళీలో, ఒకటి వీధి అంచున గీయండి. పైపు పూడుకున్న రోజున మూత తెరవడానికి మనిషి కూర్చునే చోటు కావాలి.

తరువాత బాత్రూం, వంట. రెండూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటే పైపులు కలిసొస్తాయి. పైవాటాలోనూ అవి సరిగ్గా వాటి మీదే రావాలి. పై గోడ కింది గోడ మీదే నిలవాలి. స్లాబు మధ్యలో ఇటుక గోడ కూర్చోబెడితే ఆ బరువుకు స్లాబు వంగుతుంది, పగుళ్లిస్తుంది. పలచటి కాగితం మీద పైవాటా గీసి, కింది గీత మీద పరచి చూడండి. గోడలు ఎక్కడ తప్పాయో ఇట్టే తెలుస్తుంది.

గదులు చివర గీయండి, అవి మిగిలిన చోటులో సర్దుకుంటాయి. ఇప్పుడు మొదటి విడతలో కట్టేది రంగు పెన్సిలుతో నింపండి. వెనక నుంచి ముందుకు రావడం మేలు. ముందు గది మొదట కట్టేస్తే, రేపు వెనక గదికి ఇసుక, ఇటుక, కంకర అన్నీ మీ మంచం పక్కనుంచే తట్టలతో మోయాలి.

గొట్టంతో నేల ఎత్తు తేల్చడం

బేస్‌మట్టం, అంటే ఇంటి నేల, ఎంత ఎత్తు ఉండాలి అంటే చాలామంది "పక్కింటి కన్నా అరడుగు పైకి" అంటారు. మనం పైపును అడుగుదాం. నాలుగంగుళాల మురుగు పైపు ప్రతి 40 అంగుళాలకు ఒక అంగుళం కిందికి వాలాలి. వెనక బాత్రూం నుంచి వీధి దాకా 30 అడుగులు, 360 అంగుళాలు. 40తో భాగిస్తే 9 అంగుళాల వాలు. మరుగుదొడ్డి బేసిన్, దాని కింద ట్రాప్ (వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు) కూర్చోవడానికి ఇంకో 18 అంగుళాలు వేసుకోండి. అంటే వీధి మ్యాన్‌హోల్‌లో మన పైపు కలిసేచోటు కన్నా బాత్రూం నేల 27 అంగుళాలు పైన ఉండాలి.

ఇప్పుడు గొట్టం తీయండి. బుడగలు లేకుండా నీళ్లు నింపండి. బుడగ ఒక్కటి ఉన్నా కొలత తప్పుతుంది, గొట్టాన్ని వేలితో కొట్టి బయటికి పంపండి. ఒక చివర మ్యాన్‌హోల్ దగ్గర ఒకరు, రెండో చివర స్థలం వెనక ఇంకొకరు కర్రకు ఆనించి నిలబడాలి. నీళ్లు ఊగడం ఆగాక రెండు చివర్లలో నీటి మట్టం ఒకటే. వీధి దగ్గర నీటి మట్టం నుంచి పైపు కలిసేచోటికి 52 అంగుళాలు, వెనక నీటి మట్టం నుంచి నేలకు 40 అంగుళాలు వచ్చాయనుకుందాం. వెనక నేల 12 అంగుళాలు ఎత్తులో ఉందన్నమాట. 27లో 12 పోతే 15. బాత్రూం నేల భూమి కన్నా కనీసం 15 అంగుళాలు లేవాలి. వాన గీత గుర్తుందా? నేల దానికన్నా కూడా అరడుగు పైన ఉండాలి. రెండు లెక్కల్లో ఏది ఎక్కువ వస్తే అదే మీ ఎత్తు.

వీధిలో మురుగు లైనే లేకపోతే ఒక్క ఇంటి లెక్క సరిపోదు. పాకిస్తాన్‌లో కరాచీలోని ఒరంగీ అనే పేదల పేటలో 1980లో అక్తర్ హమీద్ ఖాన్ అనే సామాజిక కార్యకర్త మొదలుపెట్టిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. గల్లీలోని ఇళ్లవాళ్లు ఒక్కటై, తమలో ఒకరిని పెద్దగా పెట్టుకుని, డబ్బు తామే వేసుకుని, గల్లీ మురుగు లైను తామే వేసుకున్నారు. గల్లీ అంతటికీ మట్టం తీయడం, మ్యాపు గీయడం ఖాన్ సంస్థవాళ్లు చేసిపెట్టారు. పెద్ద లైన్లు ప్రభుత్వ బాధ్యత అన్నారు. కాంట్రాక్టరు లేకపోవడంతో ఖర్చు బాగా తగ్గింది. మీ వీధిలో పదిళ్లవాళ్లు కలిసొచ్చేలా ఉంటే, నేల ఎత్తు తేల్చే ముందే వాళ్లతో కూర్చోండి.

డాబా మీద వదిలే రాడ్లు

పైవాటా కోసం పిల్లర్ల రాడ్లు పైకి వదలాలి. కొత్త రాడ్డు పాతదాని పక్కన చేరి కట్టుపడాలంటే, రాడ్డు మందానికి 50 రెట్ల పొడవు కావాలి. 12 ఎంఎం రాడ్డుకు 600 ఎంఎం, అంటే రెండు అడుగులు. అంతవరకు చాలామందికి తెలుసు. ఆ రాడ్లు ఏళ్ల తరబడి వానలో నిలబడతాయన్నది మరిచిపోతారు. మా డాబా మీద వాటిని మేస్త్రీ సుత్తితో తట్టినప్పుడు తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. స్లాబును ఆనుకున్న చోట రాడ్డు సన్నబడి పెన్సిలంత అయింది. నీళ్లు నిలిచేది అక్కడే మరి. మంచి ఇనుము దొరికేదాకా కాంక్రీటు చెక్కాల్సి వచ్చింది.

స్లాబు పోసిన వారంలోనే రాడ్లకు సిమెంటు పాలు పూసి, చుట్టూ సిమెంటు తక్కువ వేసిన బలహీనమైన కాంక్రీటుతో చిన్న దిమ్మె పోయండి. పైకి కట్టే రోజున అది సులువుగా పగిలిపోతుంది, లోపల రాడ్డు కొత్తగా ఉంటుంది. దిమ్మె మొదట్లో నీళ్లు నిలవకుండా వాలు ఇవ్వండి. అడ్డంగా ఉన్నాయని రాడ్లను వంచకండి, వంచి మళ్లీ నిలబెట్టిన రాడ్డుకు బలం తగ్గుతుంది.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. కింద పునాది రెండంతస్తులకు వేయకుండా పైన రాడ్లు వదిలితే లాభం లేదు. పునాది ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నది మీ మట్టిని బట్టి, మీ ప్రాంతంలో భూకంపాల తీవ్రతను బట్టి ఉంటుంది, పక్కింటిది చూసి కాపీ కొట్టకండి. కాగితం మీద గీసిన ఈ ఇల్లు, పోయిన పాఠంలో రాసుకున్న మట్టి వివరాలు పట్టుకుని ఒక్కసారి ఇంజనీరు దగ్గరికి వెళ్లి పునాది, పిల్లర్ల సైజులు రాయించుకోండి. మొత్తం ఇంట్లో బయటివాళ్లకు డబ్బిచ్చి తీరాల్సిన చోటు ఇదే.

వచ్చే పాఠానికి చేసి ఉంచాల్సింది

ఖాళీ నేల మీద చాక్‌పీసుతో మొదటి విడతను అసలు కొలతల్లో గీయండి. గోడల మందం కూడా గీయాలి, లేకపోతే గది పెద్దదిగా కనిపించి మోసం చేస్తుంది. మంచం తెచ్చి వేసి చూడండి. తలుపు తెరుచుకునే వంపు గీయండి. వంట చేసేవాళ్లనే వంటగదిలో నిలబెట్టి, వాళ్లు చెప్పినట్టు గట్టు జరపండి. రాత్రి మంచం మీద నుంచి లేచి బాత్రూం దాకా ఎన్ని అడుగులో ఇంట్లో పెద్దవాళ్లను నడిచి చూడమనండి.

ఎక్కడెక్కడ చెరిపి మళ్లీ గీశారో కాగితం మీద దిద్దుకోండి. ఆ కాగితం, గొట్టంతో తీసిన రెండు కొలతలు, కాస్త పొడవాటి దారం, నాలుగు మేకులు దగ్గర పెట్టుకోండి. 3, 4, 5 అడుగుల లెక్కతో మూల సరిచూసి స్థలం మీద ముగ్గు పోయడం నాలుగో పాఠం.