ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, ఫిల్టర్లు ఎప్పుడు మార్చాలో ఎలా నిర్ణయించాలి?

ఇంజన్ ఆయిల్‌ను వేళకు మార్చే రైతులు కూడా గేర్‌బాక్సులోని ఆయిల్‌ను, అంటే ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ను, ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడం మామూలే. 45–50 హార్స్‌పవర్ ట్రాక్టర్లలో మోడల్‌ను బట్టి ఇది 30 నుంచి 60 లీటర్ల వరకు పడుతుంది కనుక ఖర్చుకు వెనుకాడడం సహజమే గానీ, చాలా మోడళ్లలో గేర్లకు, మలుపుల్లో వెనుక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు, వెనుక పనిముట్లను ఎత్తే లిఫ్టుకు, ఆయిల్ బ్రేకులకు ఆ ఒక్క ఆయిలే ఆధారం.

మొదట, ఇంజన్ నడిచిన గంటలను చూపే అవర్ మీటరు చూసి, సర్వీసు పుస్తకంలోని గడువుతో సరిచూసుకోవాలి. కొత్త ట్రాక్టరుకు తొలి సర్వీసు సాధారణంగా 50 గంటలకు వస్తుంది. కొత్త గేర్లు ఒరుసుకొని రాలిన ఇనుప రజను అప్పటికి ఫిల్టరులో చేరుతుంది కాబట్టి దానిని వాయిదా వేయకూడదు. ఆ తర్వాత ఆయిల్ గడువు చాలా మోడళ్లలో 1000 గంటల ప్రాంతంలో ఉంటుంది, ఫిల్టరు గడువు అంతకంటే ముందే వస్తుంది. పాత ట్రాక్టర్లలోని మెకానికల్ మీటరు ఇంజన్ చుట్లను లెక్కిస్తుంది కనుక, తక్కువ వేగంతో గంటసేపు నడిపినా అందులో గంట నిండదు.

అయితే వరి పొలాల్లో తిరిగే ట్రాక్టరుకు గంటల లెక్క ఒక్కటే చాలదు. దమ్ము చేసేటప్పుడు అరిగిన సీళ్ల గుండా, మూత ఊడిన బ్రీదరు (గేర్‌బాక్సులోకి గాలి వచ్చిపోయే రంధ్రం) గుండా నీరు లోపలికి చేరుతుంది. గడువు ఇంకా 400 గంటలు మిగిలి ఉన్నా సరే, నీరు కలిసిన ఆయిల్‌తో ట్రాక్టరును పనికి తీయకూడదన్నది నా అభిప్రాయం. అందుకే సార్వా దమ్ములు ముగియగానే ఒకసారి, దాళ్వా దమ్ముల తర్వాత మరోసారి ఆయిల్‌ను పరీక్షించాలి.

రాత్రంతా నిలిపి ఉంచిన ట్రాక్టరును ఉదయం స్టార్టు చేయకముందే, డ్రెయిన్ బోల్టును కొద్దిగా వదులు చేసి, కారిన ఆయిల్‌ను గాజు సీసాలో పట్టాలి. నీరు బరువైనది కనుక అడుగున చేరి, ముందుగా అదే వస్తుంది. పని చేసిన వెంటనే తీసిన ఆయిల్ పాలలా తెల్లబారి కనిపిస్తే కంగారుపడకుండా సీసాను కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి: తేటపడితే అందులో చేరింది గాలి, తేటపడకపోతే నీరు. గాలి చేరితే ఆయిల్ మట్టం తగ్గిందో, లిఫ్టు పంపుకు వెళ్లే గొట్టం బిగువు సడలిందో చూడాలి. ఆయిల్ మార్చినంత మాత్రాన ఆ లోపం పోదు. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం మార్చక తప్పదు. అయస్కాంతం ఉన్న బోల్టుకు బూడిదరంగు మెత్తటి రజను అంటుకోవడం సహజం గానీ, చేతికి గుచ్చుకునే ముక్కలు దొరికితే ముందు మెకానిక్కును పిలవాలి.

ఆయిల్ వేడెక్కిన తర్వాత కూడా పంపు కూత పెడుతూ, లిఫ్టు నెమ్మదిగా లేస్తుంటే, ఫిల్టరు పూడుకుపోయి ఉండవచ్చు. ఆయిల్ శుభ్రంగానే ఉంటే ఫిల్టరు ఒక్కటే మార్చి చూడడం చవకైన పద్ధతి.

మార్చాలని నిర్ణయించాక, పని ముగిసి ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ట్రాక్టరును సమతల నేలపై నిలిపి, లిఫ్టును పూర్తిగా దించి, ఇంజన్ ఆపి ఆయిల్‌ను దింపాలి. జల్లెడ ఫిల్టరును డీజిలుతో కడిగి ఆరబెట్టాలి, కాగితపు ఫిల్టరును కొత్తదానితో మార్చాలి. నీరు చేరిన సందర్భంలో సీలును, బ్రీదరును బాగుచేయించిన తర్వాతే, పుస్తకంలో సూచించిన గ్రేడు ఆయిల్ పోయాలి. ఆపై లిఫ్టును నాలుగైదు సార్లు ఎత్తి దించి, ఇంజన్ ఆపి, మట్టాన్ని మళ్లీ చూసి, తగ్గినంత నింపి, ఆనాటి మీటరు అంకెను సర్వీసు పుస్తకంలో రాసుకోవాలి.