సైకోసిస్ పరిశోధనలను చదవడం – 4వ పాఠం: రెండు గడులు చాలవు

గత పాఠం చివర ఇచ్చిన ఊహాజనిత పట్టికకు వచ్చిన జవాబుల్లో అధిక భాగం ఒకే చోట తడబడ్డాయి కాబట్టి, ఈసారి చేపట్టవలసిన ఏకాగ్రత పరీక్షలను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఆ పట్టికలో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం వంటి సైకోసిస్ లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్న స్త్రీలు పదాల జాబితా పరీక్షలో సగటున 22, పురుషులు 20 తెచ్చుకున్నారు. దాన్ని చూసి "ఈ జబ్బు పురుషుల జ్ఞాపకశక్తిని ఎక్కువగా దెబ్బతీస్తుంది" అని చాలామంది రాశారు. పట్టిక ఆ మాట చెప్పలేదు, ఆ రెండు అంకెలతో చెప్పజాలదు కూడా.

ఈ పరీక్షలో 12 పదాలు చదివి వినిపించి, గుర్తున్నవన్నీ చెప్పమంటారు. అదే జాబితాను మూడు సార్లు వినిపిస్తారు కనుక గరిష్ఠ స్కోరు 36. ఇటువంటి పరీక్షల్లో ఏ జబ్బూ లేని స్త్రీలు కూడా సగటున పురుషులకన్నా కొంత ముందుంటారు. బొమ్మను మనసులోనే తిప్పి చూడవలసిన పరీక్షల్లో పురుషులు ముందుంటారు. కాబట్టి ఆరోగ్యవంతులైన స్త్రీల సగటు 28, పురుషుల సగటు 26 అనుకుంటే, జబ్బు వల్ల ఇరువురూ కోల్పోయింది సరిగ్గా 6 పదాలే. మీరు చూసిన రెండు పదాల తేడా జబ్బుకు ముందే ఉంది.

ఇప్పుడు ఒక్క అంకె మార్చండి: జబ్బు ఉన్న స్త్రీల సగటు 22 బదులు 20. రోగుల్లో తేడా సున్నా అయింది. "లింగభేదం లేదు" అని రాయడానికి చెయ్యి ముందుకు పోతుంది, కానీ స్త్రీలు 8 పదాలు, పురుషులు 6 పదాలు కోల్పోయారు. కనుక నాలుగు గడులూ (జబ్బు ఉన్న స్త్రీలు, జబ్బు ఉన్న పురుషులు, ఆరోగ్యవంతులైన స్త్రీలు, ఆరోగ్యవంతులైన పురుషులు) నిండేదాకా తీర్పు రాయకండి. నేనైతే వ్యాసం సారాంశం చదవకుండా ముందు ఈ నాలుగు గడులు గీసుకుంటాను. ఆరోగ్యవంతుల బృందం లేని వ్యాసమైతే, అందులో జబ్బు ప్రభావం గురించిన వాక్యాలను పెద్దగా పట్టించుకోను.

అసలు చిక్కు ఇక్కడుంది. స్కిజోఫ్రీనియా పరిశోధనల్లో విరివిగా వాడే, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటి వాటిని కొలిచే మాట్రిక్స్ అనే పరీక్షా సముదాయంలో 10 పరీక్షలు, 7 విభాగాలు ఉన్నాయి. ఫలితాలను టి-స్కోర్లుగా మారుస్తారు, అంటే సగటు 50, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 10 ఉండేలా కొలబద్దను సర్దుతారు. ఆ మార్పిడిలో సాధారణంగా వయసుతోపాటు లింగాన్ని కూడా సరిదిద్దుతారు. అలా సరిదిద్దాక స్త్రీ స్కోరును ఆరోగ్యవంతులైన స్త్రీలతో, పురుషుడి స్కోరును ఆరోగ్యవంతులైన పురుషులతో పోల్చినట్టే లెక్క. ముడి స్కోర్ల (మార్పిడికి ముందున్న అసలు స్కోర్ల) ప్రామాణిక విచలనం ఇరువురిలోనూ 4 అనుకుని మన అంకెలను మార్చి చూడండి. మొదటి పట్టికలో 6 పదాల నష్టమంటే ఒకటిన్నర విచలనాలు. కాబట్టి స్త్రీలకూ పురుషులకూ టి-స్కోరు 35. ముడి స్కోర్లలో కనిపించిన తేడా మాయమైంది. రెండవ పట్టికలో స్త్రీలకు 30, పురుషులకు 35. ముడి స్కోర్లలో లేని తేడా ప్రత్యక్షమైంది. ఒకే మనుషులు, ఒకే జవాబులు. ఒక వ్యాసం "తేడా ఉంది" అనీ మరొకటి "లేదు" అనీ రాస్తే, రెండూ నిజమే కావచ్చు. ఇంత ముఖ్యమైన సంగతిని పట్టిక కింది చిన్న అక్షరాల్లో దాచే రచయితల మీద నాకు విసుగు. కాబట్టి సగటును చూసే ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి. అక్కడ లేకపోతే పద్ధతుల విభాగంలో వెతకండి. ఎక్కడా లేకపోతే ఆ స్కోర్లను ఇంకొక వ్యాసంలోని స్కోర్ల పక్కన పెట్టకండి.

విద్య విషయం క్లుప్తంగా చెబుతాను. పురుషుల్లో ఈ జబ్బు సగటున కొన్నేళ్ళు ముందుగా మొదలవుతుంది, కాబట్టి చదువు మధ్యలో ఆగే అవకాశం వారికి ఎక్కువ. చదివిన ఏళ్ళను గణాంకాల్లో సరిచేస్తే, జబ్బు చేసిన నష్టంలో కొంత భాగాన్ని కూడా చెరిపేసినట్టవుతుంది. దాని బదులు తల్లిదండ్రుల విద్యను తీసుకున్న వ్యాసాలనే నేను ఇష్టపడతాను. సైకోసిస్ మందుల వల్ల వచ్చే వణుకును తగ్గించడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వంటి మందులు జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయి కనుక, అవి రెండు బృందాల్లో సమానంగా ఉన్నాయో లేదో కూడా చూడండి.

అభ్యాసం: 90 మంది పురుషుల్లో జబ్బు మొదలై గడిచిన కాలానికీ జ్ఞాపకశక్తికీ సహసంబంధం (రెండూ కలిసి ఎంతగా మారతాయో చెప్పే అంకె) మైనస్ 0.30, పి విలువ (నిజంగా సంబంధమేమీ లేకున్నా యాదృచ్ఛికంగా కనీసం ఇంత బలమైన ఫలితం వచ్చే అవకాశం) 0.004, 30 మంది స్త్రీలలో సహసంబంధం అదే మైనస్ 0.30, పి విలువ 0.11. "కాలం గడిచేకొద్దీ పురుషుల జ్ఞాపకశక్తే తగ్గుతుంది, స్త్రీలది తగ్గదు" అన్న ముగింపును ఐదు వాక్యాలకు మించకుండా ఖండించండి. ఆ తరువాత, ముడి స్కోర్లలో జబ్బు ఉన్న స్త్రీలు పురుషులకన్నా ముందుండి, లింగాన్ని సరిదిద్దిన టి-స్కోర్లలో వెనకబడేలా నాలుగు గడులను మీ సొంత అంకెలతో నింపండి. విచలనం 4 గానే ఉంచాలి. ఏ సగటూ 36 దాటకూడదు.