భీమిలి బురదలో ఆర్కిటిక్ వేసవి లెక్క

భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసేచోట చలికాలానికి దిగే కర్లూ శాండ్‌పైపర్లు అనే చిన్న వలసపక్షులు గూడు పెట్టేది సైబీరియా ఉత్తరపు అంచున, తైమిర్ లాంటి చోట్ల. అక్కడి వేసవి ఎలా సాగిందో ఇక్కడి గుంపులో ఆ ఏటి పిల్లలెన్ని ఉన్నాయో చూస్తే చాలావరకు తెలుస్తుంది. అందుకే ‘శాండ్‌పైపర్లు 140’ అని రాసి ఊరుకోవద్దు. పెద్దవెన్ని, పిల్లలెన్ని అని విడదీయండి.

ముందు అక్కడి సంగతి. ఆ తీరంలో ఉప్పునీటి సరస్సులుంటాయి. మన పులికాట్‌లాగే సముద్రానికీ నీటికీ నడుమ ఇసుకదిబ్బ ఉంటుంది, కాకపోతే ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డకట్టే ఉంటాయి. జూన్‌లో మంచు కరిగి నేల తేలితేనే గూడు. గూడంటే నేలమీద చిన్న గుంట, అందులో సన్నకొనలు లోపలికి తిరిగిన నాలుగు గుడ్లు. సుమారు 20 రోజులు ఆడదే పొదుగుతుంది. పిల్లలు పుట్టిన తొలిరోజు నుంచే తమ పురుగులు తామే ఏరుకుంటాయి గానీ ఒంటివేడి నిలుపుకోలేవు. చలిగాలీ వానా పట్టుకుంటే తల్లి రెక్కల కింద దూరాలి, అంతసేపూ తిండి లేదు. పైగా ఆ చలికి పురుగులూ కదలవు. మంచు ఆలస్యంగా కరిగితే గుడ్లు వెనకబడి, పురుగులు ముమ్మరంగా ఉండే అదను తప్పిపోతుంది. తుఫాను నీరు పొంగితే సరస్సు ఒడ్డున పల్లంలో ఉన్న గూళ్లు మునుగుతాయి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ నక్కలది. ఆర్కిటిక్ నక్కకు అసలు తిండి లెమ్మింగ్ అనే ఎలుకజాతి జంతువు. మూడు నాలుగేళ్లకోసారి అవి విపరీతంగా పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. అవి పెరిగిన ఏడాది నక్కలు గూళ్ల జోలికి పెద్దగా రావు. పడిపోయిన ఏడాది గుడ్లూ పిల్లలూ వాటి నోటికే పోతాయి.

లెక్కకు అక్టోబరు అన్నిటికన్నా మంచిది. ఆగస్టులో వచ్చేవి పెద్దవే. మగవి గుడ్లు పొదగవు కాబట్టి జూలై మొదట్లోనే బయల్దేరతాయి, పిల్లలు అందరికంటే చివర. ఆగస్టులో లెక్కపెట్టి ‘పిల్లలు సున్నా’ అని దిగులుపడితే తప్పు. డిసెంబరుకల్లా పిల్లలూ బూడిదరంగుకు మారిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది.

పోటు వేళలు చూసుకుని, నిండుపోటుకు రెండు గంటల ముందే వెళ్లి కూర్చోండి. నీరు ఎక్కేకొద్దీ పక్షులే దగ్గరికి జరుగుతాయి. మన తీరం తూర్పుముఖం గనక పొద్దుట సముద్రం వైపున ఉండి లోపలికి చూడాలి, సాయంత్రం నేలవైపు నుంచి సముద్రం కేసి. ఎండ కళ్లలో పడితే ఈక అంచులు కనిపించవు, వయసు తేలదు. 8×42 బైనాక్యులర్ గుంపును వెతకడానికి సరిపోతుంది, వయసు తేల్చడానికి మాత్రం స్టాండు మీద స్కోపు (ఒంటిగొట్టపు దుర్భిణి) కావాలి.

ముక్కు కిందికి వంగి ఉండి, ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లపట్టీ కనిపిస్తే కర్లూ శాండ్‌పైపర్. పిల్లదైతే వీపుమీద ప్రతి ఈకకూ మీగడరంగు అంచు, దాని లోపల ముదురుగీత ఉంటాయి. మొత్తం చేపపొలుసులు పేర్చినట్టు, ఒక్క ఈకా అరగకుండా కొత్తగా కనిపిస్తుంది. రొమ్ముమీద లేత పీచురంగు ఛాయ. పెద్దదాని ఈకలు అరిగి ఎగుడుదిగుడుగా ఉంటాయి, పొట్టమీద ఇటుకరంగు మరకలు మిగిలి ఉండొచ్చు. అదే బురదలో మేసే ఇంకా చిన్నపక్షి లిటిల్ స్టింట్, దాని పిల్లకు వీపుమీద తెల్లటి ‘వి’ గీత గుర్తు. లెస్సర్ శాండ్ ప్లోవర్లు అనే మరో బురదపక్షులను ఈ లెక్కలో కలపకండి. అవి గూడు పెట్టేది మధ్య ఆసియాలో, హిమాలయాలకు ఆవలి ఎత్తైన పీఠభూముల్లో.

చాలామంది పొరపడేది గుంపు అంచు దగ్గర. పిల్లలు తరచు అంచుల్లోనే మేస్తాయి. దగ్గరున్న అంచును మాత్రమే చూస్తే శాతం అనవసరంగా పెరుగుతుంది. ఒక కొస నుంచి రెండో కొసదాకా స్కోపు తిప్పుతూ పదిచోట్ల ఆపి, ఆ చట్రంలో కనిపించిన ప్రతిదానికీ పెద్దది, పిల్ల, తెలియదు అని మూడు గళ్లలో గీతలు పెట్టండి. ‘తెలియదు’ను భాగహారంలోకి తేవద్దు. ఉదాహరణకు వయసు తేలినవి 90, పిల్లలు 18 అయితే 20 శాతం. కనీసం వంద పక్షులకు వయసు తేలేదాకా ఆ శాతాన్ని పెద్దగా నమ్మకండి. పక్షుల లెక్కలు చేర్చే వెబ్‌సైటు ఈబర్డ్‌లో వయసు పట్టిక ఉంది, ఆ వివరం అక్కడ చేర్చండి.

మేత ఆపి తలలెత్తితే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టే, వెనక్కి రండి. పోటువేళ లేపితే వాటికి దిగడానికి వేరే బురద మిగలదు. కుక్కను వెంట తేకండి.

శాతాన్ని మీ పాత ఏళ్ల లెక్కతోనే, అవే తేదీలతో పోల్చండి. తగ్గితే వెంటనే నక్కలని తేల్చేయకుండా నాసా వరల్డ్‌వ్యూ వెబ్‌సైటులో ఆ జూన్ ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా తెరిచి చూడండి. మామూలు చిత్రంలో మంచూ మబ్బూ రెండూ తెలుపే. 7-2-1 బ్యాండ్లు (కంటికి కనిపించని కాంతినీ కలిపి రంగులు వేసే అమరిక) పెడితే మంచు నీలిపచ్చగా విడిపడుతుంది. నేల ఏ వారంలో తేలిందో రాసి పెట్టుకోండి.

మే, జూన్‌లలోనూ కొన్ని ఇక్కడే కనిపిస్తాయి. ఎక్కువగా అవి ఉత్తరానికి వెళ్లని తొలిఏటి పక్షులు. వాటి లెక్క వేరే పేజీలో.