విమ్ కీలు నాకు ఎలా పట్టుబడ్డాయంటే

మా సర్వర్‌లో ఫైల్ మార్చాలంటే విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ ఒక్కటే దిక్కు, అందుకని మా బ్రాడీపేట రూమ్ గోడకి షార్ట్‌కట్ల పట్టిక అంటించి నెల రోజులు బట్టీ పట్టాను, పొద్దున గుర్తున్నది సాయంత్రానికి ఉండేది కాదు.

పట్టిక తీసేసి, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో విమ్ నేర్పే పాఠం విమ్‌ట్యూటర్ తెరిచి రోజూ అరగంట కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది: ఈ షార్ట్‌కట్లు వాక్యాలు. డీ అంటే తీసెయ్, సీ అంటే తీసేసి కొత్తది రాయి, డబ్ల్యూ అంటే పదం. మనం 'పదం తీసెయ్' అంటాం కదా, ఇక్కడ క్రియ ముందొస్తుంది, డీ డబ్ల్యూ. కొటేషన్ల లోపలున్నది మార్చాలా? సీ, ఐ (అంటే లోపల), కొటేషన్ గుర్తు. అదే మార్పు ఇంకోచోట కావాలంటే చుక్క నొక్కితే చాలు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

రాయడం ఆపి మళ్లీ ఈ కమాండ్లకి రావాలంటే నొక్కాల్సిన ఎస్కేప్ మాత్రం వేలికి దూరం. విమ్‌కి ముందుతరం ఎడిటర్ వీఐని బిల్ జాయ్ రాసిన పాతకాలపు ఏడీఎం-3ఏ టెర్మినల్ కీబోర్డులో అది ఇప్పటి ట్యాబ్ చోట ఉండేదట, హెచ్, జే, కే, ఎల్ మీద బాణాలు కూడా ఉండేవి. నేను క్యాప్స్ లాక్‌నే ఎస్కేప్‌గా మార్చుకున్నాను.

ఇంకొకటి, తెలుగులో నోట్స్ రాసేవాళ్లు ఎస్కేప్ కొట్టాక కీబోర్డు ఇంగ్లీషుకి మార్చండి, లేకపోతే అక్షరాల కమాండ్లు మామూలుగా పనిచేయవు, నాకు రెండు రోజులు అక్కడే పోయాయి.