జపాన్ హినా బొమ్మలు చెక్కుదాం – 3వ భాగం: రాజుగారి పన్నెండు పలకలు

మొదటి భాగంలో కత్తి నూరడం, రెండో భాగంలో చెక్క ఎంచుకోవడం అయిపోయాయి. ఇప్పుడు బొమ్మ మీద చెయ్యి వేద్దాం. హినా జతలో ముందు రాజు, వచ్చే భాగంలో రాణి.

మార్చి 3న వచ్చే హినామత్సురి పండక్కి జపాన్‌లో ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ బొమ్మలు పేరుస్తారు. నిండు కొలువంటే ఎర్రగుడ్డ పరిచిన ఏడు మెట్లు, పదిహేను బొమ్మలు: పైన రాజు, రాణి, కింద ముగ్గురు పరిచారికలు, ఐదుగురు వాద్యగాళ్లు, ఇద్దరు మంత్రులు, ముగ్గురు సేవకులు. మన బొమ్మల కొలువు తెలిసినవాళ్లకు ఇది వింతగా ఏమీ అనిపించదు. ఏడు మెట్లకు ఇప్పటి అపార్ట్‌మెంట్లలో చోటెక్కడిది? అందుకే చాలామంది పై మెట్టు జతతోనే సరిపెట్టుకుంటున్నారు. అరచేతిలో పట్టే చెక్క జతలకు ఆదరణ రావడానికి అదొక కారణం.

మనం నేర్చుకునేది నారా నగరపు ఇత్తోబోరి పద్ధతి. అక్కడి కసుగ వాకామియా దేవుడి ఒన్-మత్సురి ఉత్సవం 1136లో మొదలైంది. ఆ ఉత్సవంలో టోపీలకూ అలంకారపు పళ్లేలకూ పెట్టే చిన్న చెక్కబొమ్మల నుంచి ఈ పని పుట్టిందని చెబుతారు. 19వ శతాబ్దంలో మొరికావా తోఎన్ (1820–1894) దీన్ని శిల్పకళ స్థాయికి తీసుకెళ్లాడు. ఈ పద్ధతిలో బట్ట మడతలు చెక్కరు. కత్తి వేటుకు తేలిన పెద్ద పెద్ద చదును పలకలు, అవి కలిసే చోట పదునైన అంచులు, అంతే. మిగతా పని రంగుది. ఇప్పటి జపాన్ కళాకారుల్లో కొందరు రంగు కూడా తగ్గించేసి చెక్కను చెక్కలాగే వదిలేస్తున్నారు. నాకు వ్యక్తిగతంగా అవే ఎక్కువ నచ్చుతాయి. కానీ రంగు లేనప్పుడు పలకలో తప్పు దాక్కోవడానికి చోటుండదు, కాబట్టి మొదటి జతకు రంగు వేసుకుందాం.

దిమ్మ, గీతలు

6 సెం.మీ. ఎత్తు, 6 వెడల్పు, 4 లోతు ఉన్న దిమ్మ తీసుకోండి. జపాన్‌లో హినోకి, కత్సురా, కర్పూరం చెట్టు చెక్క వాడతారు. మనకు గుమ్మడి టేకు బాగా పనికొస్తుంది. కొండపల్లి వాళ్ల తెల్ల పొణికి ఇంకా మెత్తన, కానీ కత్తి ఏమాత్రం మొద్దుబారినా అంచు తెగకుండా నలిగిపోతుంది. కొండపల్లిలో చేతులు, తల విడిగా చెక్కి చింతగింజల మక్కుతో అతికించి పైన సున్నం పూస్తారు కాబట్టి వాళ్లకు ఆ మెత్తదనం వరమే. మన బొమ్మకు ఒకటే దిమ్మ, అంచే ప్రాణం. అందుకే కాస్త గట్టి చెక్క కావాలి.

చెక్క నార నిలువుగా, అంటే కాళ్ల నుంచి తలకు నడవాలి. అడ్డంగా ఉంటే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే చేతుల కొసలు బలహీనమవుతాయి. అందుకే చాచిన అంగీ చేతులను పలచగా, కొనదేలేలా చెయ్యకండి, మొద్దుగా వదిలేయండి. చూడ్డానికి కూడా అదే బాగుంటుంది.

నాలుగు పక్కలా, పైనా, కిందా మధ్యగీత గీయండి. తర్వాత ముందు వైపు ఆకారం. పైనుంచి 2.2 సెం.మీ. వరకు తల, టోపీ. వెడల్పు మధ్యగీతకు అటు 0.8, ఇటు 0.8. అక్కడి నుంచి భుజం వాలుగా దిగి, అడుగుకు 1.5 సెం.మీ. పైన దిమ్మ పక్క అంచును తాకాలి. ఆ కింద నిటారు. దూరం నుంచి చూస్తే కొండ మీద చిన్న గుడిలా కనిపిస్తే గీత సరిగ్గా పడినట్టే.

దిమ్మను క్లాంప్‌తో బల్లకు బిగించి, గీతకు 1 మి.మీ. బయటగా సన్న రంపంతో కోయండి. కోసిన ముక్కలు పారేయకండి. అదే చెక్క, అదే నార కాబట్టి ప్రతి కొత్త కోత ముందు వాటి మీద వేసి చూడండి.

పక్కవైపు ఆకారం ఇప్పుడే గీయాలి. ముందే గీసి ఉంటే రంపపు కోతతో పాటే పోయేది. గడ్డం దిమ్మ ముందు అంచుకు 1.6 సెం.మీ. వెనక్కి ఉండాలి. మెడ నుంచి రొమ్ము వాలుగా ముందుకు వచ్చి, చేతులు కలిసే చోట కాస్త విరిగి, మోకాళ్ల దగ్గర దిమ్మ ముందు అంచును తాకుతుంది.

కత్తి ఎటు నడవాలి

ఈ పాఠంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే ఉంటే అది ఇదే: కత్తి లావు నుంచి సన్నానికి నడవాలి. మన బొమ్మ అడుగున లావు, తల దగ్గర సన్నం. కాబట్టి రొమ్ము, భుజాలు, వీపు అన్నీ కింద నుంచి తల వైపుకే కోత. ఎదురు నడిస్తే నార లేచి, కత్తి లోపలికి దిగి, మీరు అడగని ముక్క ఊడి వస్తుంది.

మెడ దగ్గర మాత్రం లెక్క మారుతుంది. గడ్డం లావు, మెడ సన్నం, మళ్లీ భుజం లావు. అక్కడ పైనుంచి ఒక కోత, కింద నుంచి ఒక కోత వచ్చి లోయలో కలవాలి. ముందుగా మెడ గీత మీద రంపంతో చుట్టూ 2 మి.మీ. లోతు గాడి పెట్టుకుంటే కత్తి జారి గడ్డం ఎగిరిపోదు. మొదటిసారి చేసేవాళ్లకు టెన్షన్ ఉండేది ఇక్కడే. ఆ గాడి వేశాక ఉండదు.

చిన్న కోతలకు బొటనవేలి వైపు కత్తిని లాగుతాం కదా, ఆ వేలికి తోలు తొడుగు తప్పనిసరి. పెద్ద కోతల్లో బొమ్మ పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ కత్తికి వెనకే ఉండాలి.

పలకలు

లెక్క ఇది: రొమ్ము ఒకటి, ఒడి ఒకటి, చేతుల ముందు భాగాలు రెండు, భుజాల పై వాలు రెండు, వీపు మధ్యగీత దగ్గర కలిసేలా రెండు, ముఖం ఒకటి, చెంపలు రెండు, తల వెనక ఒకటి. మొత్తం పన్నెండు.

ప్రతి పలకనూ ముందు ముతకగా చెక్కి, 1 మి.మీ. మిగల్చండి. అన్నీ అలా అయ్యాక ఆగి, కత్తిని తోలు పట్టీ మీద మళ్లీ రుద్దండి. తర్వాత ఒక్కో పలకకూ ఒకే పొడవాటి కోత. కత్తిని నేరుగా నెట్టకుండా, మొదలు నుంచి కొన వరకు పక్కకు జారుస్తూ లాగండి. కోత వంకర పోతే ఆ వంకరను చిన్న చిన్న గీకుళ్లతో సరిచేయబోకండి, పలక గుంతలు పడుతుంది. మొత్తం పలక మీద మళ్లీ ఇంకో పలచని పొర తీయండి. మీరు మిగిల్చిన ఆ 1 మి.మీ. ఉన్నది అందుకే.

టేబుల్ లైటును బొమ్మకు ఒక పక్క నుంచి, కిందుగా పెట్టుకోండి. పలక చదునుగా ఉంటే వెలుగు మొత్తం ఒకేలా పడుతుంది. మెరుపు తుంపులుగా కనిపించిన చోటే లోపం.

సాండ్‌పేపర్ జోలికి వెళ్లొద్దు. అది అంచును గుండ్రం చేస్తుంది, అంచు పోయాక మిగిలేది చదరంగం పావు. ఒక్క అడుగుభాగానికి మాత్రం మినహాయింపు: గాజు పలక మీద సాండ్‌పేపర్ పరిచి బొమ్మను దాని మీద రుద్దితే కదలకుండా కూర్చుంటుంది.

ముఖానికి కళ్లు, ముక్కు చెక్కకండి. సన్న కుంచెతో రెండు గీతలు, పెదవులకు ఎర్రటి చుక్క, అవి ఐదో భాగంలో. ముఖం పలకను మాత్రం కొంచెం కిందికి వంచండి, గడ్డం నుదురు కన్నా ఒక వెంట్రుకవాసి వెనక్కి ఉండేలా. నిటారుగా ఉంచితే రాజు పైకి చూస్తున్నట్టు, ఎవరినో పలకరించబోతున్నట్టు ఉంటాడు.

టోపీ వెనక నిటారుగా లేచే తోక, చేతిలో పట్టుకునే షాకు అనే పలచని పట్టీ దిమ్మలోంచి చెక్కాలని చూడకండి, విరుగుతాయి. కోసి దాచిన ముక్కల్లోంచి నిలువు నారతో సన్న చీలికలు తీయండి. టోపీ వెనక, చేతులు కలిసే చోట 2 మి.మీ. రంధ్రాలు వేసి ఉంచండి, అతకడం రంగు వేశాకే.

వచ్చే భాగానికి ఇదే కొలతలో ఇంకో దిమ్మ సిద్ధం చేసుకోండి, వీలైతే అదే దుంగలోంచి. రాణి దుస్తులు జూనిహితోఎ, పొరల మీద పొరలు. రాజుకు ఉన్నంత సూటి అంచులు ఆమెకు ఉండవు, పలకల లెక్క కూడా మారుతుంది.